పన్నెండంగుళాల నేల

బట్టల కత్తెరతో అట్ట కోయకూడదని పసిపిల్లలకైనా తెలుసు. మా ఇంట్లో పసిపిల్లలు లేరు. యాభై ఆరేళ్ళ మనిషి ఒకరున్నారు, ఆయనకి తెలియదు.

ఆ బుధవారం ఉదయం కర్టెన్ అంచు సరిచేద్దామని కత్తెర తీస్తే బట్ట తెగలేదు, నలిగింది. దగ్గర పెట్టుకుని చూస్తే రెండు రెక్కల మధ్య బూడిద రంగు అట్ట పొట్టు కనిపించింది.

"నా కత్తెర ఎవరు తీశారు?" అన్నాను వంటింట్లోంచే.

అత్తయ్య కిటికీ పక్కన తన కుర్చీలో ఉన్నారు. కాలేజీకి తయారవుతున్న మా అమ్మాయి దువ్వెన నోట్లో పెట్టుకుని తల అడ్డంగా ఊపింది. ఇక మిగిలింది పనిగదిలో ఉన్న మనిషి.

"తీస్తే ఏమైంది, మళ్ళీ పెట్టేశాను కదా," అన్నారు మావారు లోపల్నించి.

"అంటే మీరే."

"నేనని నేను అన్లేదు."

"మరి పెట్టేశానన్నది ఎవరు, కత్తెరా?"

"పోనీలేవే," అన్నారు అత్తయ్య. "కత్తెరన్నాక కోయక పాటలు పాడుతుందా?"

"అది బట్టల కత్తెర అత్తయ్యా. అట్ట కోస్తే పదును పోతుంది."

"మావాడికి పదును పోయి ఎన్నాళ్ళయింది? వాణ్ణి ఏమీ అనవు, కత్తెరకైతే ఊరంతా పంచాయితీ."

అత్తయ్య హాస్యానికే అన్నారు. కాసేపటికి ఆయన గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. "నా కటింగ్ బ్లేడు తుప్పు పట్టింది. అందుకని తీశాను," అన్నారు మెల్లగా. చేతిలో అట్ట ఉంది. నలుచదరంగా, పన్నెండంగుళాల మీద పావు అంగుళం. ఆ కొలత అట్ట మా ఇంట్లో నేను చూసి ఇరవై ఏళ్ళు దాటింది.

కత్తెర సంగతి తర్వాత చూద్దామనుకున్నాను. మరిచిపోలేదు.

మావారు చేసేది రాక్ పాటల రికార్డులకి అట్టలు తయారు చేసే పని. పెళ్ళైన కొత్తలో బంధువులెవరైనా అడిగితే "ప్రింటింగులో ఉన్నారు" అనేదాన్ని, ఎందుకంటే ఉన్నది ఉన్నట్టు చెబితే "ఓహో, అట్టలా" అని ఊరుకునేవాళ్ళు. వీధిలో ఇప్పటికీ ఆయన్ని 'అట్టలాయన' అనే అంటారు. పాతికేళ్ళ వయసులో దుకాణాల బోర్డులు రాసుకుంటున్న మనిషి దగ్గరికి, పక్క సందులో గిటార్లు వాయించే నలుగురు జుట్టు పెంచిన కుర్రాళ్ళు వచ్చి, మా రికార్డుకి ఒక బొమ్మ కావాలన్నారట. ఆయన పాడేవాళ్ళ మొహాలు వేయలేదు. మా వీధివాళ్ళని పదిహేడు మందిని పోగుచేసి, బస్సు స్టాండులో బెంచీల మీద కూర్చోబెట్టి, బస్సు రానివాళ్ళలా చూడమని చెప్పి ఫొటో తీశారు. రికార్డు కంపెనీ వాళ్ళు "మా గాయకులేరీ?" అని కేకలేశారు. కానీ రికార్డు కొన్నవాళ్ళు పాట వింటూ ఆ అట్ట వంక చూస్తూ కూర్చునేవాళ్ళని తర్వాత తెలిసింది. అక్కణ్ణుంచి ఒకరి తర్వాత ఒకరు వెతుక్కుంటూ వచ్చారు.

ఆయనకి ఒక పద్ధతి ఉండేది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఆయన దాన్ని అక్షరాలా పాటించేవారు. అట్ట నమూనా సిద్ధమయ్యాక ప్రెస్సుకి పంపే ముందు, భోజనాల బల్ల ఎదురుగా కంచాలు పెట్టే అలమార మీద, సరిగ్గా కళ్ళ ఎత్తులో, వారం రోజులు నిలబెట్టేవారు. ఎవరూ మెచ్చుకోకూడదు, తిట్టకూడదు. వారంలోగా ఇంట్లో ఎవరైనా విసుగొచ్చి దాన్ని పక్కకి జరిపితే అది పనికిరాదు. ఏడో రోజున కూడా దాని ముందు ఎవరైనా ఒక్క క్షణం ఆగితే, అది వెళ్ళచ్చు.

ఈ పరీక్షలో అత్తయ్య పెద్ద న్యాయమూర్తి. ఆ సంగీతం ఆవిడకి ఇత్తడి సామాను మెట్ల మీంచి దొర్లినట్టుంటుంది. అట్టల సంగతి వేరు. "నేను ముద్ద నోట్లో పెట్టుకున్నప్పుడల్లా ఈ మనిషి చూస్తున్నాడ్రా" అని ఒకసారి ఆవిడ అట్టని గోడవైపు తిప్పేశారు. ఆయన ఆ బొమ్మలో కళ్ళు మళ్ళీ వేశారు. ఇంకోసారి అమ్మాయి, అప్పుడు దానికి నాలుగేళ్ళు, ఒక అట్ట చూసి వంటింట్లోకి రానని ఏడ్చింది. ఆ విషయం చెబితే ఆ బృందం వాళ్ళు తెగ సంబరపడిపోయి అదే ఖాయం చేశారు.

తర్వాత రికార్డులు పోయి క్యాసెట్లు వచ్చాయి, అట్ట అరచేతంత అయింది. సీడీలొచ్చి కొంచెం పెరిగింది. ఆ తర్వాత పాటలన్నీ ఫోన్లోకి వెళ్ళిపోయాయి, అట్ట గోరంత అయింది. గోరంతదాన్ని అలమార మీద ఎలా నిలబెడతారు? వారం పరీక్ష ఆగిపోయింది. ఆయన కొత్త పని నేర్చుకున్నారు. ఒకే ఆకారం, రెండే రంగులు, లావుపాటి అక్షరాలు. అదీ బాగానే చేశారు. ఇంకొన్నాళ్ళకి పాటగాళ్ళు ఆ గోరంత బొమ్మ కూడా తమ ఫోన్లోనే చేసుకోవడం మొదలుపెట్టారు. కిందటేడు ఆయన చేతికి వచ్చినవి మూడంటే మూడు.

ఆయన చిన్ననాటి స్నేహితుడికి మందుల పెట్టెలు అచ్చువేసే కంపెనీ ఉంది. మాత్రలు, టానిక్కులు పెట్టి అమ్మే అట్టపెట్టెలు. "వచ్చి నా దగ్గర కూర్చో. పొద్దున్న తొమ్మిదికి రా, సాయంత్రం అయిదుకి పో. నెల తిరిగేసరికి జీతం," అని ఆ స్నేహితుడు పిలిచాడు. ఆ కుర్చీ మరొకరికి ఇచ్చేలోపు మాట చెప్పమని ఒక సోమవారం గడువు కూడా పెట్టాడు. గడువుకి ఇంకా పదమూడు రోజులుందనగా ఒక అమ్మాయి ఫోన్ చేసింది. బొంగురు గొంతు. నలుగురు కలిసి పాడే బృందంలో అసలు పాటగత్తె. వాళ్ళ రికార్డు పెద్ద సైజులో వేస్తున్నారట. పెద్ద రికార్డులు మళ్ళీ వస్తున్నాయట. వాళ్ళ నాన్న దగ్గర బస్సు స్టాండు అట్ట ఉండేదని, అది చూస్తూ పెరిగానని చెప్పిందట.

కత్తెర గొడవ సద్దుమణిగాక, మధ్యాహ్నం నేను బట్టలు మడతపెడుతుంటే ఆయన వచ్చి పక్కన కూర్చున్నారు.

"ఇది చేసి చూస్తాను," అన్నారు. "కుదిరిందా, ఈ పనిలోనే ఉంటాను. కుదరలేదా, ఆ సోమవారం వెళ్ళి మాత్రల పెట్టెల ముందు కూర్చుంటాను. మళ్ళీ ఈ ఊసెత్తను."

"కుదిరిందని ఎవరు చెప్పాలి? రికార్డు కంపెనీయా?"

ఆయన అలమార వైపు చూపించారు.

సాయంత్రానికి నమూనా అలమార ఎక్కింది. నల్లటి అట్ట. మధ్యలో ఎర్రటి పెద్ద గుండ్రం, దాన్ని అడ్డంగా చీలుస్తూ తెల్లటి గీత, కింద లావుగా బృందం పేరు. శుభ్రంగా ఉంది. ఎవరమూ ఏమీ అనలేదు, అనకూడదు కాబట్టి. గురువారం ఎవరూ జరపలేదు. శుక్రవారమూ జరపలేదు. లెక్క ప్రకారం అది గెలుస్తున్నట్టే.

శనివారం మధ్యాహ్నం ఆయన కంచం తీసుకోవడానికి వచ్చి అలాగే నిలబడిపోయారు. అట్ట ముందు బఠాణీల బుట్ట ఉంది. ఎర్ర గుండ్రం సగం వరకు బుట్ట వెనక ఉంది.

"ఈ బుట్ట ఎప్పట్నుంచి ఉంది ఇక్కడ?"

"పొద్దున మార్కెట్ నుంచి వచ్చినప్పట్నుంచి," అన్నాను. పెట్టింది నేనే. పెట్టానన్న సంగతి నాకే గుర్తులేదు.

"ఎవరూ తీయలేదా?"

ఆయన నా మొహంలోకి చూస్తున్నారు. ముప్ఫై ఏళ్ళలో ఆయనతో చిన్నా చితకా అబద్ధాలు చాలా ఆడాను. అలమార మీది వాటి గురించి ఒక్కటీ ఆడలేదు.

"ఎవరికీ అడ్డమనిపించలేదు," అన్నాను.

"బాలేదా?"

"బాగుంది."

"బాగుంది అంటే?"

"బాగుందనే. గుమ్మంలోంచి చూస్తే అంతా కనిపిస్తోంది. దగ్గరికొస్తే ఇంకేమీ లేదు. ఒకసారి చూస్తే అయిపోతోందండీ."

అమ్మాయి లేచి బుట్ట తీసి, అట్టని ఫోన్లో ఫొటో తీసింది. దాన్ని వేళ్ళతో చిన్నది చేసింది. "నాన్నా, ఇందులో చూడు. అదిరిపోయింది."

నిజమే. గోరంత సైజులో ఆ ఎర్ర గుండ్రం కళ్ళలోకి దూకుతోంది. చుట్టూ ఉన్న తక్కిన బొమ్మలన్నీ దాని ముందు వెలవెలబోయాయి. ఆయన ఫోన్ వంక చూశారు, అట్ట వంక చూశారు, మళ్ళీ ఫోన్ వంక చూశారు.

"పదిహేనేళ్ళు గోరు మీద గీసీ గీసీ," అన్నారు, "అడుగు చదరం చేతికిస్తే దాని మీదా గోరే గీశాను."

అట్ట తీసుకుని గదిలోకి వెళ్ళిపోయారు. కాసేపటికి అలమారలు తెరుస్తున్న చప్పుడు, కాగితాలు కట్టలు కడుతున్న చప్పుడు. భోజనానికి పిలిస్తే స్నేహితుడిచ్చిన మందుపెట్టె ఒకటి పట్టుకొచ్చి, తింటున్నంతసేపూ దాన్ని విప్పడం, మడవడం. "ఇదీ అట్టే కదా," అన్నారు ఎవరూ అడక్కుండానే. "దీనికీ చెయ్యి కావాలి. ఈ మడత చూడు, జిగురు లేకుండా ఎలా నిలబడిందో." ఆ పెట్టె తలనొప్పి మాత్రలది.

భోజనాలయ్యాక అత్తయ్య బఠాణీలు ఒలవడానికి కూర్చున్నారు. ఒళ్ళో పళ్ళెం కుదురుగా నిలవడానికి కింద ఏదైనా చదునుగా ఉన్నది ఇమ్మన్నారు. పనిగది గుమ్మం బయట ఆయన పారేయడానికి పెట్టిన పాత కట్టలో పైనున్నది ఇచ్చాను. అది బస్సు స్టాండు అట్ట.

కాసేపు గింజలు పళ్ళెంలో పడుతున్న చప్పుడు వినిపించింది. తర్వాత ఆగింది. చూస్తే అత్తయ్య పళ్ళెం పక్కన పెట్టి, కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి, అట్టని కిటికీ వెలుతురుకి వంచుతున్నారు.

"ఒరేయ్," అని పిలిచారు. "వీడి మేజోళ్ళు రెండూ ఒకటి కావురా."

"ఎవడివి?" అన్నారు ఆయన లోపల్నించి.

"ఈ మూల బెంచీ మీద గొడుగు పట్టుకున్నాడు చూడు, మన మంగలి. ఒక కాలికి గీతల మేజోడు, ఒక కాలికి ఒట్టిది."

కాగితాల చప్పుడు ఆగిపోయింది. ఆయన వచ్చి అత్తయ్య కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నారు. అట్ట వంక చూడలేదు, ఆవిడ వేలు వంక చూశారు.

"గీతలది నాదేనమ్మా. నేనే కావాలని తొడిగించాను. ఎవరైనా చూస్తారేమోనని. ఒక్కళ్ళూ చూళ్ళేదు."

"ఇప్పుడు చూశాగా."

"ముప్ఫై ఏళ్ళు పట్టింది నీకు."

"తొందరగా చూడమని నువ్వేమైనా రాశావా దాని మీద?" అన్నారు అత్తయ్య, పళ్ళెం మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంటూ.

ఆయన చాలాసేపు అక్కడే కూర్చుని ఆవిడతో పాటు బఠాణీలు ఒలిచారు. సగం నేల మీద పోశారు. లేచి వెళ్ళేటప్పుడు నాతో, "రేపు నాతో వస్తావా? లైటు పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి," అన్నారు.

ఆ బృందం సాధన చేసుకునే గది టైర్ల దుకాణం కింద ఉంది. తొమ్మిది మెట్లు దిగాలి. రబ్బరు వాసన మెట్ల మీదే మొదలైంది. గోడలన్నిటికీ కోడిగుడ్ల అట్టలు అంటించి, కిటికీకి దుప్పటి కట్టేశారు. శబ్దం పైకి పోకుండా అట. డ్రమ్ములు ముందుకి జారిపోకుండా ఒక చెక్క ముక్క నేలలోకి మేకులతో కొట్టి ఉంది. తాళం తీసింది బొంగురు గొంతు అమ్మాయే. పాతికేళ్ళుంటాయేమో, చేతి మీద బాల్‌పెన్నుతో రాసుకున్న పాట సగం చెరిగి ఉంది.

"మా నలుగురి ఫొటో తీస్తారా అంకుల్? మిగతావాళ్ళని రమ్మంటాను."

"వద్దమ్మా. ఈ గదిని చూసుకోనీ ముందు."

ఆయన ఉదయం లేచి చెక్క పట్టీలతో ఒక చట్రం చేసుకొచ్చారు. రంపంతోనే కోశారు, చూశాను. చట్రం లోపలి కొలత సరిగ్గా రికార్డు అట్టంత. దాన్ని గోడకి ఆనించి చూశారు. డ్రమ్ము మీద పెట్టి చూశారు. వైర్ల చుట్ట మీద పెట్టారు. తర్వాత నేల మీద పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని, కొంచెం కొంచెం జరుపుకుంటూ గదంతా తిరిగారు. పోగొట్టుకున్న దుద్దు కోసం వెతుకుతున్న మనిషిలా ఉన్నారు. ఆ పిల్ల నా వైపు చూసింది. నేను, ఇంతే అమ్మా అన్నట్టు తల ఊపాను.

మైకు స్టాండు దగ్గరికొచ్చి చట్రం ఆగింది. అక్కడి తివాచీ ఒకప్పుడు ఎరుపు, ఇప్పుడు పాత ఇటుక రంగు. మైకు వెనక ఆ ఎరుపులో రెండు మచ్చలు. పీచు అరిగిపోయి అడుగున దారాలు బయటపడ్డాయి. రెండు పాదాల ఆకారంలో.

"ఇక్కడ నిలబడేది నువ్వేనా?"

"అవునంకుల్. ఆరేళ్ళయింది. వారానికి నాలుగు రోజులు."

"ఇక్కడే? అటూ ఇటూ కదలవా?"

"కదిలితే వైరు ఊడొస్తుంది."

ఆయన నవ్వలేదు. కెమెరాని నిచ్చెనకి కట్టి కిందికి వేలాడదీయడం మొదలుపెట్టారు. నేను లైటు పట్టుకుని వంగితే ఆ అడుగు చదరంలో ఉన్నవన్నీ కనిపించాయి. అడ్డంగా అంటించిన టేపు ముక్క, గిటారు మీటే ప్లాస్టిక్ బిళ్ళలో విరిగిన సగం, నల్లదారం పోగు, ఎండిన టీ చుక్క, ఒక తలపిన్ను. నా చెయ్యి అలవాటు కొద్దీ పిన్ను వైపు వెళ్ళింది.

"ముట్టుకోకు," అన్నారు ఆయన.

"అయ్యో, మీరొస్తున్నారని ముందే ఊడ్చి ఉంచాల్సింది," అంది ఆ పిల్ల.

"ఊడ్చి ఉంటే ఈపాటికి నేను ఇంటికి వెళ్ళిపోయి ఉండేవాణ్ణి."

ఆ పిల్ల చేతనే చిన్న టేపు ముక్క మీద బృందం పేరు రాయించి, తివాచీ మీద ఒక మూల అంటించమన్నారు. అట్ట మీద ఉండే అక్షరాలు అవే. వేరే ఏమీ రాయలేదు.

సోమ, మంగళవారాలు ఫొటో అచ్చువేయించడంలో గడిచాయి. అంగుళానికి అంగుళం రావాలి. నేల మీది పిన్ను ఎంత పొడుగో అట్ట మీదా అంతే ఉండాలి. రెండుసార్లు వెంట్రుకవాసి తేడా వచ్చిందని ఆయన వెనక్కి పంపారు. అంతలేసి పట్టింపు మనిషికి నా కత్తెర విషయంలో ఏమైందో తెలియదు. బుధవారం ఉదయం రెండో నమూనా అలమార ఎక్కింది. మేం యథాప్రకారం ఏమీ అనలేదు.

పదింటికి అత్తయ్య మంచినీళ్ళ కోసం వచ్చారు. అలమార ముందు ఆగారు.

"ఎవరిదే ఈ పిన్ను, అట్టకి గుచ్చుకుపోయింది," అని గోటితో గీకారు. రాలేదు. కళ్ళజోడు సరిచేసుకుని మళ్ళీ గీకారు. అప్పుడు అర్థమై, చెయ్యి వెనక్కి తీసుకుని, ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూశారు. నేను కూర తిప్పుతూనే ఉన్నాను. ఆయన తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్తూ గుమ్మంలో ఉన్నారు. చూసి, అలాగే వెళ్ళిపోయారు. స్నానాల గదిలోంచి ఈల వినిపించింది. ఆయన ఈల ఎప్పుడూ శ్రుతిలో ఉండదు, ఆ రోజూ లేదు.

ఆ తర్వాత అత్తయ్య అటువైపు వెళ్ళినప్పుడల్లా, తనని మోసం చేసినదాన్ని చూసినట్టు దాన్ని ఓరగా చూసుకుంటూ వెళ్ళారు. మా అమ్మాయి గురువారం దాన్ని నేల మీద పెట్టి పాదాలు ఆనించి చూసి, "నావి పెద్దవే," అని మళ్ళీ జాగ్రత్తగా పైన పెట్టింది. నేను రోజూ అలమార దుమ్ము తుడుస్తాను కదా, తుడిచినప్పుడల్లా దాన్నీ తుడిచాను. శుక్రవారం ఆ నల్లదారం పోగు కింద ఒక చీమ కనిపించింది. తల బయటికి, తక్కినదంతా దారం కింద.

"చీమని కూడా తీశారే," అన్నాను ఆయనతో.

"చీమేమిటి?" అన్నారు. భూతద్దం తెచ్చుకుని చూశారు. "ఇది నేను చూళ్ళేదు," అన్నారు. చాలాసేపు భూతద్దం తీయలేదు.

శనివారం సాయంత్రం బొంగురు గొంతు అమ్మాయి, వాళ్ళ మేనేజరు వచ్చారు. మేనేజరు మర్యాదస్తుడే. చెప్పులు ఒక వరసలో విడిచి, అత్తయ్యని ఆరోగ్యం ఎలా ఉందని అడిగి, అప్పుడు అట్ట చూశాడు. చూసి, ఫోన్లో ఒక ఫొటో తీసి, చెయ్యి చాపి దూరంగా పట్టుకున్నాడు.

"సార్, ఏమీ అనుకోకండి. ఫోన్లో చూస్తే ఇది కాళ్ళు తుడుచుకునే పట్టాలా ఉంది."

నిజంగానే అలాగే ఉంది. పేరు కనపడదు, పాదాలు కనపడవు, ఇటుక రంగు మరక ఒకటి.

"అవును, అలాగే ఉంటుంది," అన్నారు మావారు. గదిలోకి వెళ్ళి ఎర్ర గుండ్రం అట్ట తెచ్చి దాని పక్కన పెట్టారు. "ఇది ఫోన్‌కి. అది చేతిలోకి. రెండూ మీకోసం చేసినవే. దీన్ని ముందు చేసి, తప్పు చోట పెట్టాను."

ఎర్ర గుండ్రం చూడగానే మేనేజరు మొహం విప్పారింది. "ఇది సూపర్ సార్. మరి ఇదే రెండిటికీ పెట్టేద్దాం కదా. రెండు రకాలుంటే జనం గుర్తుపట్టలేరు."

"బాబూ," అన్నారు అత్తయ్య కుర్చీలోంచి. "మావాడు ఇంట్లో ఉంటే చిరుగుల బనీను, బయటికెళ్తే ఇస్త్రీ చొక్కా. ఇన్నేళ్ళలో మేం వాణ్ణి గుర్తుపట్టకుండా ఎప్పుడూ లేము."

మేనేజరు నవ్వాడు కానీ ఒప్పుకోలేదు. మావారూ అతనూ మాట్లాడుతుండగా ఆ పిల్ల ఇటుక రంగు అట్టని అలమార మీంచి దింపింది. మా భోజనాల బల్ల పక్కన నేల మీద పెట్టింది. దాని మీద నిలబడింది. అరిగిన మచ్చల్లో పాదాలు అంచుకి అంచు సరిపోయాయి. కాసేపు కిందికి చూసుకుంటూ ఉంది. తర్వాత తల ఎత్తింది. చెయ్యి తెలియకుండానే మైకు ఉండే ఎత్తుకి వెళ్ళింది. అక్కడ మైకు లేదు, మా పళ్ళేల స్టాండు ఉంది.

"నాకు ఇదే కావాలి," అంది మేనేజరుతో.

"కంపెనీ వాళ్ళు ఒప్పుకోవాలి కదమ్మా."

"అడుగు. నాకైతే ఇదే."

మంగళవారం కంపెనీ వాళ్ళ మీటింగు ఉందని, ఆ రోజు సాయంత్రం మాట చెబుతానని మేనేజరు అన్నాడు. ఆ పిల్ల వెళ్తూ వెళ్తూ అట్టని తన చున్నీ కొంగుతో తుడిచి మళ్ళీ అలమార మీద పెట్టింది.

మర్నాడు ఆదివారం. సోమవారం గడువు. ఉదయమంతా ఆయన పనిగదిలోనే ఉన్నారు. కట్టలు కట్టిన కాగితాలు విప్పుతున్నారో, కొత్తవి కడుతున్నారో చప్పుడును బట్టి తెలియలేదు. అడుగుదామని రెండుసార్లు గుమ్మం దాకా వెళ్ళి, తుడిచిన చోటే తుడిచి వెనక్కి వచ్చాను. నాకూ భయం లేకపోలేదు. అమ్మాయి చదువు ఇంకా రెండేళ్ళుంది. తొమ్మిది నుంచి అయిదు దాకా, నెల తిరిగేసరికి జీతం అన్న మాట వినడానికి ఎంత సుఖంగా ఉంటుందో, అలాంటి నెలలు చూడని ఇంట్లోనే తెలుస్తుంది. అలాగని రోజూ అయిదున్నరకి తలనొప్పి మాత్రల పెట్టె చేత్తో పట్టుకుని ఇంటికొచ్చే మనిషిని తలుచుకుంటే, అది ఇంకో రకం భయం.

ఒంటిగంటకి నలుగురం బల్ల దగ్గర కూర్చున్నాం. బఠాణీల కూరే, మళ్ళీ. అత్తయ్య వడ్డించుకున్నారు. ఆయన వడ్డించుకోలేదు. చొక్కా జేబులోంచి ఒక కాగితపు పొట్లం తీసి నా కంచం పక్కన పెట్టారు. విప్పితే నా కత్తెర. రెక్కలు తళతళలాడుతున్నాయి.

"సాన పట్టించాను," అన్నారు. "నా బ్లేడు కూడా కొత్తది కొన్నాను. ఇంక దీని జోలికి రాను."

కత్తెర ఎత్తి చేతిరుమాలు మూల కొద్దిగా కోసి చూశాను. చక్కగా తెగింది. బ్లేడు కొన్నానన్న మాట మాత్రం నాకు ఆ తర్వాత అందింది. మందుపెట్టెల కంపెనీకి బ్లేడుతో పనిలేదు. అక్కడ కోసేది యంత్రం.

అమ్మాయి కూడా తినడం ఆపింది. "నాన్నా?"

"రేపు పొద్దున్నే వాడికి ఫోన్ చేసి రానని చెప్తున్నాను," అన్నారు ఆయన. "ఎప్పుడైనా పెట్టె మీద బొమ్మ కావాలంటే ఇంటికి పంపమంటాను, చేసిపెడతాను. కుర్చీ మాత్రం వద్దంటాను."

అడగాల్సింది నేనే కాబట్టి అడిగాను. "మంగళవారం వాళ్ళు కాదంటే?"

"కాదంటే ఇంకో అట్ట చేస్తాను. వాళ్ళు కాకపోతే ఇంకొకళ్ళకి. చెయ్యడం మరిచిపోయాననుకున్నాను. మరిచిపోలేదు." అలమార వైపు చూశారు. "కంపెనీ సంగతి నాకు తెలియదు. ఇక్కడైతే నెగ్గింది."

"ఎక్కడ్రా నెగ్గింది?" అన్నారు అత్తయ్య, కూర గిన్నె ఆయన ముందుకి జరుపుతూ. "బుధవారం పెట్టావు. ఇవాళ ఆదివారం. ఇంకా రెండు రోజులుంది. అప్పటిదాకా ఎవరూ దాన్ని కదపకండి."